వికలాంగులకు వృత్తి – విద్యావంతుల కర్తవ్యం

మనిషి పనిచేయడం పొట్టకూటి కోసమేనని సాధారణంగా భావిస్తాము. కాని పని వలన లభించేది కూలి ఒక్కటే కాదు. తెల్లవారి లేచి వెళ్ళవలసిన చోటు, తన కొరకు ఎదురుచూచే తోటివారు, ఇది నా చేతిపని అని చెప్పుకొనగల తృప్తి, ఇంటి వ్యవహారాలలో తన మాటకు దక్కే విలువ – ఇవన్నీ పనితోపాటే వస్తాయి. పనిలేని మనిషి ఆదాయంతోపాటు వీటినన్నింటినీ కోల్పోతాడు. చూపు, వినికిడి, కాలు, చేయి, బుద్ధివికాసం – వీటిలో ఏదో ఒక లోపమున్న కారణంగా మన సోదర సోదరీమణులు ఎందరో జీవితమంతా ఈ నష్టాన్ని భరిస్తున్నారు. వారికి తగిన వృత్తి ఎట్లా లభిస్తుంది, అందుకు చదువుకున్నవారు ఏమి చేయగలరు అన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు. అనగా మొత్తం జనాభాలో 2.21 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో ఏదో ఒక పని చేస్తున్నవారు నూటికి 36 మంది. పురుషులలో 47, స్త్రీలలో 23. దేశ జనాభా మొత్తంలో పనిచేసేవారు నూటికి దాదాపు 40 మంది కనుక, పైపైన చూచినవారికి వ్యత్యాసం స్వల్పమనిపించవచ్చు. కాని వికలాంగులలో చిన్నపిల్లల పాలు తక్కువ, వయసు వచ్చినవారి పాలు ఎక్కువ. ఆ సంగతి గమనిస్తే లోటు కంటికి కనిపించిన దానికంటె పెద్దదని తెలుస్తుంది. అంతేగాక, పని ఉన్నదని వ్రాయించిన వారి పని ఎట్టిదో ఈ లెక్కలు చెప్పవు. కావున "పని ఉన్నదా?" అని అడిగి ఊరుకొనక "ఎట్టి పని?" అని కూడా అడగవలసి ఉన్నది.

అర్థవంతమైన పని

వికలాంగుల చేత కొవ్వొత్తులు, కాగితపు సంచులు చేయించి, ఏడాదికొక రోజున అమ్మి, మిగిలిన రోజులలో వారిని మరచిపోవడం మనం చూస్తున్నదే. కొనేవారు దయతో కొంటారు. ఇంటికి తీసుకొనిపోయి ఒక మూల పెడతారు. మళ్ళీ కొనరు. ఆ వస్తువు వారికి అవసరమై కొనలేదు గదా! దయ మీద నడిచే అంగడి ఎక్కువ కాలం నడవదు. అందువలన అర్థవంతమైన పనికి నాలుగు లక్షణాలు ఉండాలని నా అభిప్రాయం. మొదటిది, తయారైన వస్తువు గాని చేసిన సేవ గాని ఎవరికో నిజంగా అవసరమై ఉండాలి. రెండవది, అదే పని చేసే ఇతరులకు ఇచ్చే ప్రతిఫలమే వీరికీ ఇవ్వాలి. మూడవది, ఈ ఏడాదికంటె వచ్చే ఏడాది నైపుణ్యం పెరిగే మార్గం ఉండాలి. నాలుగవది, ఆ పని మనిషిని నలుగురిలోనికి తీసుకొని రావాలి. నలుగురికి దూరంగా ఒక గదిలో కూర్చోబెట్టరాదు.

పేరు విషయం కూడా ఇక్కడ చెప్పుకోవడం ఉచితం. ఒకనాడు కుంటి, గుడ్డి అనే మొరటు మాటలు వాడారు. తరువాత వికలాంగులు అన్నారు. నేడు విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటున్నారు. మర్యాదగల మాట మంచిదే. కాని పేరు మారినంత మాత్రాన మెట్లు ఎక్కలేని వానికి కార్యాలయపు గడప తగ్గదు. మాటలోని మర్యాద ఏర్పాటులో కూడా కనిపించాలి.

ఉదయగిరి కొయ్య చెంచాలు చెప్పే పాఠం

ఈ సమస్యకు దారి చూపే నిదర్శనం మన పడమటి సీమలోనే ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి జయించిన దుర్గంగా ఉదయగిరి చరిత్రలో ప్రసిద్ధం. ఆ కొండ క్రింది ఊరు నేడు కొయ్య చెంచాలకు, గరిటెలకు, ముళ్ళ చెంచాలకు పేరుపొందినది. నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి వంటి కొయ్యలతో చేసే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఈ పనిలో ఉన్నవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు; వారిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు ఎందరో ఉన్నారు.

వారు పనిని వెదకుకొంటూ పట్టణాలకు వలసపోలేదు. పనియే వారి వాకిటికి వచ్చినది. ఇల్లు విడిచి దూరం పోలేని పరిస్థితి ఉన్నప్పటికీ, ఉన్నచోటనే కూర్చొని చేయగల నైపుణ్యం వారి చేతికి అబ్బినది. చిన్న పనిముట్లతో చెక్కి, ఆకురాయితో రాచి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, పిడి మీద నగిషీ దిద్దిన చెంచాను కొనేవారు చేసినవారి కష్టాలను చూచి కొనరు. దాని అందాన్ని, ఉపయోగాన్ని చూచి కొంటారు. పైన చెప్పిన మొదటి లక్షణం ఇదే.

ఇందులో వికలాంగుల విషయానికి పనికివచ్చే పాఠం స్పష్టం. పనికీ మనిషికీ మధ్య అడ్డు ఉన్నప్పుడు, మనిషినే మార్చాలని పట్టుబట్టక, పని జరిగే చోటును, పనిముట్టును, పద్ధతిని మార్చి చూడాలి. చాలా సందర్భాలలో అడ్డు శరీరంలో ఉన్నదానికంటె ఏర్పాటులోనే ఎక్కువగా ఉంటుంది.

జైపూరు పాదం కథ ఈ మాటకు మరింత బలమిస్తుంది. విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదానికి బూటు తొడగవలసి ఉండేది. దానితో మన రైతు బురదలో దిగలేడు, గొంతుకు కూర్చోలేడు, వట్టి కాళ్ళతో నడవలేడు. 1960 దశకం చివరలో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ మొదలైన వైద్యులతో కలిసి రబ్బరుతో ఒక పాదాన్ని రూపొందించారు. దానితో వట్టి కాళ్ళతో నడవవచ్చు, పొలంలో దిగవచ్చు. సేథీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది. పెద్ద చదువులు చదవని ఒక చేతివృత్తి నిపుణుడు, రైతు ఏ పని చేస్తాడో గమనించినందువలననే ఆ పాదం పొలానికి పనికివచ్చినది.

పనిని విడదీసి చూచుట

"ఇతడు ఈ పని చేయగలడా?" అని మొత్తంగా అడిగితే "చేయలేడు" అన్న జవాబే తరచుగా వస్తుంది. పనిని భాగాలుగా విడదీసి అడిగితే జవాబు మారుతుంది. ఒక పల్లెటూరి కిరాణా అంగడిని తీసుకొందాము. ఆత్మకూరు వెళ్ళి సరుకు తేవడం, సరుకు సర్దడం, తూచి ఇవ్వడం, డబ్బు లెక్క చూచుకోవడం, అరువు పద్దు వ్రాయడం – ఇవి అందులోని భాగాలు. పోలియో వలన నడవలేని వానికి మొదటి భాగం ఒక్కటే కష్టం. అది అన్నదమ్ములెవరైనా చేయవచ్చు; ఆటోలో తెప్పించుకోవచ్చు. అలమరలు చేతికి అందే ఎత్తున కట్టిస్తే మిగిలినవన్నీ అతడే చేయగలడు. ఐదు భాగాలలో నాలుగు చేయగలవానిని పనికిరానివాడని ఇంటిలో కూర్చోబెట్టడం న్యాయమా?

కుట్టుపని మరియొక ఉదాహరణ. తొక్కుడు మిషను కాలి పని. దానికి చిన్న మోటారు బిగించి, మీటను చేతితో గాని మోకాలితో గాని నొక్కే విధంగా అమర్చుకుంటే కాళ్ళలో శక్తి లేని అమ్మాయి కూడా కుట్టవచ్చు. చెవిటివారు సెల్‌ఫోను మరమ్మతు నేర్చుకుంటే, వచ్చినవారు తమ ఫోను తెర మీదనే ఇబ్బందిని వ్రాసి చూపవచ్చు. బుద్ధివికాసంలో వెనుకబడినవారికి ఒకే వరుసలో జరిగే పనులు అనుకూలం. నర్సరీ సంచులలో మట్టి నింపడం, నిమ్మకాయలను పరిమాణం చొప్పున వేరుచేయడం వంటివి ఓపికతో పదిసార్లు చేసి చూపితే నేర్చుకొని, విసుగు లేక చేసేవారు ఉన్నారు. నిమ్మతోటలున్న మన జిల్లాలో ఇట్టి పనులకు కొదువ లేదు.

చూపులేని వారికి కంప్యూటరు తెచ్చిన మార్పు చెప్పుకోదగినది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే సాధనాన్ని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు అభివృద్ధి చేశారు. 2006లో మొదలైన ఆ సాధనం ఉచితం. దానితో తెలుగు కూడా వినవచ్చు. అవసరం ఎవరిదో వారే పనిముట్టు తయారుచేసుకున్న సందర్భమిది. వికలాంగుల కొరకు ఏ ఏర్పాటు చేసినా మొదట వారిని అడిగి చేయాలన్న నీతి ఇందులో ఉన్నది.

తెలుగునాట జరిగిన కృషి

మన రాష్ట్రాలలో ఈ దిశగా కృషి చిరకాలంగా జరుగుతున్నది. కుష్ఠువ్యాధి సోకినవారిని ఊరు వెలివేసే రోజులలో, 1958లో, రాణి కుముదినీదేవి హైదరాబాదు సమీపంలోని కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. వికలాంగుల శక్తి సామర్థ్యాలను పరీక్షించి తగిన వృత్తిని సూచించే కేంద్ర ప్రభుత్వ వృత్తి పునరావాస కేంద్రం 1968లో హైదరాబాదులో ఏర్పడినది. బుద్ధిమాంద్యం గలవారి కొరకు సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ వెలసినది. దాని ఆధ్వర్యంలోని ప్రాంతీయ కేంద్రం ఒకటి మన నెల్లూరులోనే ఉన్నది. ఈ సంగతి పడమటి మండలాలలో ఇంకా అందరికీ తెలియవలసి ఉన్నది.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం క్రింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు ఏర్పరచి, పని కొలత తగ్గించి పూర్తి కూలి ఇచ్చే పద్ధతిని అనుసరించారు. పనిచోట త్రాగునీరు అందించడం, కూలీల పిల్లలను చూచుకోవడం వంటివి వారికి అప్పగించదగిన పనులుగా గుర్తించారు. కొలత తగ్గింపు దయ కాదు. అడ్డు ఎంత ఉన్నదో అంత సర్దుబాటు, అంతే.

మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ చరిత్రను విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. పుట్టు అంధుడైన ఆయనకు పదవ తరగతి తరువాత సైన్సు చదివే అవకాశం నిరాకరింపబడినది. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి అనుమతి పొంది చదివారు. అమెరికాలోని సుప్రసిద్ధమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టభద్రులై, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. పోకచెట్టు పట్టలతో పళ్ళేలు, తిరిగి వాడిన కాగితంతో ప్యాకింగు సామగ్రి తయారుచేసే ఆ సంస్థలో వికలాంగులు పనివారుగా ఉన్నారు. ఆ పళ్ళెం కొనేవాడు విందుకు పళ్ళెం కావలసి కొంటున్నాడు. ఉదయగిరి చెంచాలో చూచిన సత్యమే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తున్నది.

చట్టం – పిల్ల కాలువ

మన దేశంలో వికలాంగుల సమాన అవకాశాల చట్టం 1995లో వచ్చినది. అందులో ప్రభుత్వోద్యోగాలలో 3 శాతం కేటాయింపు ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చినది. లోపాల రకాలు 7 నుండి 21కి పెరిగినవి. 40 శాతం, ఆపైన లోపం ఉన్నవారికి ప్రభుత్వోద్యోగాలలో 4 శాతానికి, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల సీట్లలో 5 శాతానికి తక్కువ కాకుండా కేటాయించాలి. ప్రభుత్వోద్యోగంలో ఉండగా లోపం సంభవించినవానిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పేదరిక నిర్మూలన పథకాలలోను 5 శాతం వీరికి చెందాలి. అందులో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలి.

ఇవన్నీ కాగితం మీద ఉన్నవి. సంగం ఆనకట్ట క్రింద వ్యవసాయం చేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పెద్ద కాలువలో నీరు నిండుగా పారినంత మాత్రాన చివరి మడి తడవదు. పిల్ల కాలువ త్రవ్వాలి, పూడిక తీయాలి. చట్టం పెద్ద కాలువ. కొండ క్రింది పల్లెలోని వికలాంగునికి సదరం ధ్రువపత్రం కావాలంటే నిర్ణయించిన రోజున ఆసుపత్రికి పోవాలి. తోడు వచ్చేవారు ఆనాటి కూలి పోగొట్టుకోవాలి. దరఖాస్తు నింపేవారు కావాలి. ఈ చిన్న అడ్డంకుల వద్దనే ఎందరి హక్కులో ఆగిపోతున్నవి. ఆ పిల్ల కాలువ త్రవ్వేవారు ఎవరు? అక్షరజ్ఞానం గల మనమే.

పింఛను ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకు పెంచినది. అది వారి హక్కు. దానిని చిన్నచూపు చూడరాదు. పనిచేయలేని స్థితిలో ఉన్నవారికి అదే ఆధారం. అయితే పనిలో చేరితే పింఛను పోతుందేమోనన్న భయంతో తగిన పనిని కూడా వదులుకొనేవారు ఉన్నారు. వారిని సోమరులని నిందించడం తప్పు. నెలనెలా వచ్చేదానిని విడిచి, నిలుస్తుందో లేదో తెలియని పనిని నమ్మడం ఏ పేదవానికైనా కష్టమే. కావున పని చూపేవారు ముందుగా నియమాలను అధికారుల వద్ద స్పష్టంగా తెలుసుకొని ఆ కుటుంబానికి వివరించాలి. పింఛను నేల వంటిది; పని దాని మీద కట్టుకొనే ఇల్లు. ఇల్లు కట్టుకొమ్మని నేలను లాగివేయరాదు.

మన కళాశాల చేయదగిన పనులు

విద్యార్థులకు, పాలక సంఘం పెద్దలకు కొన్ని సూచనలు మనవి చేస్తున్నాను. వీటిలో ఏదీ అధిక వ్యయంతో కూడినది కాదు.

ఒకటి. జాతీయ సేవా పథకం విద్యార్థులు తమ తమ గ్రామాలలోని వికలాంగుల వివరాలు సేకరించాలి. లోపం ఎంత అని అడిగి ఊరుకోరాదు. ఏమి చేయగలరు, ఏమి నేర్చుకోవాలని ఉన్నది, ఏది అడ్డు వస్తున్నది అన్న మూడు ప్రశ్నలు అడిగి వ్రాసుకోవాలి. ధ్రువపత్రం లేనివారి పేర్లు వేరుగా వ్రాసి, శిబిరం నాడు ఇద్దరు విద్యార్థులు తోడు వెళ్ళాలి.

రెండు. చదివి వినిపించే బృందం ఏర్పడాలి. ఈజిప్టు దేశపు మహారచయిత తాహా హుసేన్ పసితనంలోనే చూపు కోల్పోయారు. ఫ్రాన్సులో చదువుకొనే కాలంలో, తరువాత ఆయన సతీమణి అయిన సుజాన్ పుస్తకాలు చదివి వినిపించేవారు. అట్లా చదువుకున్నవారు 1950లో తమ దేశానికి విద్యామంత్రి అయ్యారు. మన ఉర్దూ, తెలుగు విద్యార్థులు వారానికి రెండు గంటలు పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఉంచితే ఎందరికో కన్ను అవుతారు.

మూడు. పరీక్షలలో వ్రాయసగాని సదుపాయం, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు కాలం – ఈ రెండు విషయాలను ప్రవేశ సమయంలోనే నోటీసు బోర్డు మీద ప్రకటించాలి. అడిగితే ఇస్తామనడం చాలదు. ఉన్నదని తెలియనివారు ఎట్లా అడుగుతారు?

నాలుగు. వాలుదారి, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, అవసరమైన తరగతిని క్రింది అంతస్తుకు మార్చే ఏర్పాటు ఉండాలి. మెట్ల కారణంగా ఒక విద్యార్థి చదువు మానితే, ఆ తరువాత అతని ఉద్యోగాన్ని గురించి మనం చేసే చర్చలన్నీ వ్యర్థం.

ఐదు. ఏడాదికొకసారి చుట్టుప్రక్కల వ్యాపారులను, మిల్లుల యజమానులను, ఉదయగిరి కళాకారిణులను కళాశాలకు ఆహ్వానించాలి. పనిని విడదీసి చూచే పద్ధతిని వారితో కలిసి చేసి చూడాలి. "ఒకరికి ఉద్యోగం ఇవ్వండి" అని ప్రాధేయపడేకంటె "మీ పనిలోని ఈ భాగాన్ని ఈమె చక్కగా చేయగలదు, నెల రోజులు చూడండి" అని చెప్పడం ఇరువురికీ గౌరవం.

ఆరు. ఈ సూచనలన్నింటినీ అమలు జరిపే సంఘంలో వికలాంగ విద్యార్థి ఒకరైనా సభ్యులుగా ఉండాలి. వారి మాట వినకుండా వారి మేలు నిర్ణయించడం తగదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులౌతారు, అధికారులౌతారు, అంగళ్ళు పెడతారు. ఏదో ఒకనాడు ఒక వికలాంగుడు దరఖాస్తు చేత పట్టుకొని మీ ఎదుట నిలుస్తాడు. ఆనాడు అతని లోపం మీద చూపు నిలపక, మీ పనిని భాగాలుగా తలచుకొని, అందులో అతనికి తగినది ఏదో వెదకండి. ఇక ఈ పుటలు చదువుతున్న మీలోనే అట్టి లోపంతో పోరాడుతూ కళాశాల వరకు వచ్చినవారు ఉండవచ్చును. వారికి నేను చెప్పదగినది ఒక్కటే: సర్దుబాటు కోరడం భిక్ష అడగడం కాదు, అది మీ హక్కు, సంకోచించక అడగండి.